ఫెస్టీ మల్కెరిన్ నడిపించిన గుర్రాలు

ఫెస్టీ మల్కెరిన్ అబద్ధం ఆడగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఈ మాట ఇవాళ నిస్సంకోచంగా రాయగలుగుతున్నాను గానీ, ముప్ఫయ్యేళ్ల పాటు నేను దీనికి పూర్తిగా విరుద్ధమైనదాన్నే నమ్మాను. నేనొక్కణ్నే కాదు, కార్నా నుంచి క్లిఫ్డెన్ దాకా మా కనెమారా తీరంలో పోనీలు, అంటే పొట్టిజాతి గుర్రాలు, పెంచే ప్రతి ఇల్లూ అదే నమ్మింది. నమ్మి, ఆయన్ని మెచ్చుకుంది. ఆ మెప్పు ఎలాంటిదో ఆయనకు తెలిసిన రోజున నేను ఆయన కొట్టంలోనే ఉన్నాను.

ఆయన ఊరు కిల్‌బ్రాకన్. రాతిగోడల మధ్య పదకొండు ఎకరాలు, కొండమీది ఉమ్మడి మేతలో ఒక వంతు, సముద్రం వైపు వాలిన ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. అక్క సబీనా భర్త పోయాక తిరిగొచ్చి అదే ఇంట్లో ఉంటోంది. వయసులో ఉన్నప్పుడు ఫెస్టీ వేసవిలో పీతల బుట్టలు వేసేవాడు, వసంతంలో పొయ్యిలో మండించే పీట్ మట్టి కోసేవాడు, ఏడాది పొడుగునా పోనీలు చూసుకునేవాడు. పశువైద్యుడిగా నేను మొదటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఆయనకు ముప్ఫై ఆరేళ్లు, నాకు ముప్ఫై మూడు. ఆదివారం ప్రార్థనకు వేసుకునే కోటు తొడుక్కుని గుర్రం పక్కన నిలబడి ఉన్నాడు. గుర్రానికి కొలత పడే రోజు ఆయన లెక్కలో పండగ కిందే జమ.

నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు. మావాళ్లు సొంత పిల్లల పుట్టినరోజులు మరిచిపోతారేమో గానీ ఈ అంకెను మరిచిపోరు. మూపు దగ్గర అంతవరకూ ఉంటే అది పోనీ. దాటితే పోనీల పోటీల్లోకి రానివ్వరు, వంశాలు నమోదు చేసే జాతి పుస్తకంలో మొదటి తరగతిలో చోటుండదు, మగదైతే దాని దగ్గరికి ఎవరూ తమ ఆడగుర్రాన్ని తీసుకురారు. వేలి మందం తేడాతో ఒక వంశం నిలుస్తుంది, లేదా ముగుస్తుంది. ఆ పుస్తకం తరఫున కొలకర్ర పట్టుకుని, వచ్చిన అంకె రాసి, కింద సంతకం చేసేవాణ్ని నేను.

ఫెస్టీ పని నాకంటే ముందే మొదలయ్యేది. ఎక్కడ పిల్ల పుట్టినా ఆయనకు కబురొచ్చేది. కోటు జేబులోంచి తారు పూసిన వలదారం తీసి, పిల్ల ముంగాలి మోచేతి నుంచి గిట్ట పై కీలు దాకా పట్టేవాడు. అదే పొడవును మోచేతి దగ్గరి నుంచి పైకి తిప్పి, దారం కొస ఎక్కడిదాకా వచ్చిందో చూసేవాడు. పెద్దయ్యాక ఈ పిల్ల మూపు అక్కడికి చేరుతుందని చెప్పేవాడు. దారం పద్ధతి ఆయన కనిపెట్టినది కాదు, గుర్రాలున్న చాలా దేశాల్లో ఉంది. ఆయన ప్రత్యేకత ఏమిటంటే, చెప్పిన ప్రతి అంకెనూ వంటింటి తలుపు వెనక సుద్దతో రాసి, ఐదారేళ్ల తరువాత నేను కొలిచిన అంకెను దాని పక్కన రాసేవాడు. నలభై ఒక్క పోనీల్లో ముప్ఫై ఎనిమిదింటికి రెండంకెలూ దాదాపు కలిశాయి. సాక్ష్యానికి విలువిచ్చే మనిషిగా ఆ తలుపు ముందు నేను చాలాసార్లు నిలబడ్డాను. ఏ కాలేజీలోనూ అంత ఓపికగా రాసుకున్న పరిశీలన నేను చూడలేదు.

కొలత రోజుకు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తండ్రి బార్ట్లీ దగ్గర నేర్చుకున్నది. ముందురోజు సాయంత్రం గిట్టలను ఆకురాయితో బాగా అరగదీయాలి. తెల్లవారుజామున పోనీని ఇసుకతీరం దాకా నడిపించి వెనక్కి తీసుకురావాలి. రానూ పోనూ ఏడు మైళ్లు, సగం దూరం మెత్తటి ఇసుకలో. వచ్చాక చెమట ఆరనిచ్చి, దువ్వి, నిలబెట్టాలి. పిల్లగా ఉన్నప్పటి నుంచే మూపు మీద చెక్కపలక ఆనించి మెల్లగా నొక్కుతూ అలవాటు చేయాలి. కర్ర తగిలినప్పుడు బెదరకుండా కాస్త ఒదిగి నిలబడుతుంది. ఇరుగుపొరుగు తమ పోనీలనూ తెచ్చేవాళ్లు. "నీ చేత్తో ఒకసారి నడిపించు ఫెస్టీ" అని అడిగేవాళ్లు. ఆయన ఎవరినీ కాదనలేదు. పొద్దున్నే తాడు పట్టుకుని బయల్దేరేవాడు.

ఏడు మైళ్ల నడకకు, కొలతకు సంబంధం ఏమిటో గుర్రం ఒళ్లు తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. గుర్రానికి భుజాన్ని ఛాతీకి బిగించి పట్టే ఎముక లేదు. ముంగాళ్ల మధ్య ఛాతీ కండరాల ఊయలలో వేలాడుతుంది. కండరం అలిసిపోతే ఊయల జారుతుంది, మూపు కిందికి దిగుతుంది. గిట్ట అరిగితే ఇంకాస్త. పలక అలవాటుంటే ఇంకాస్త. ఇది నాకు మొదటి రోజే తెలుసు. అయినా నా ముందుకు వచ్చేసరికి ఆ పోనీ ఒళ్లు పొడిగా ఉండేది, ఊపిరి నెమ్మదిగా ఉండేది, నాలుగు కాళ్ల మీద చక్కగా నిలబడేది. ఎక్కడ వంక పెట్టాలి? కర్ర చెప్పిన అంకె రాశాను. ముప్ఫయ్యేళ్లు అలాగే రాశాను.

ఒకసారి డబ్లిన్ నుంచి ఒకాయన ఫెస్టీ దగ్గర మూడేళ్ల పోనీని కొనడానికి వచ్చాడు. బేరం కుదిరి చేతులు కలపబోయే సమయంలో ఫెస్టీ, "ఇది కరుస్తుందండీ. అందరినీ కాదు, టోపీ పెట్టుకున్నవాళ్లనే" అన్నాడు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని మరీ కొనుక్కుని వెళ్లాడు. ఆ కథ మా దగ్గర ఏళ్ల తరబడి నలిగింది. 'ఎంత గడుసు చూడు, చిన్న లోపం ముందే చెప్పి మనిషిని కట్టిపడేశాడు' అని అందరం నవ్వుకున్నాం. ఆ పోనీ నిజంగానే టోపీలవాళ్లను కరిచేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక ఇదంతా బయటపెట్టిన మగ గుర్రప్పిల్ల సంగతి.

ఫెస్టీ తల్లి కాలం నుంచి వస్తున్న ఆడగుర్రాల వరసలో చివరిది లీయా. లీయా అంటే మా భాషలో బూడిదరంగుది. పందొమ్మిదేళ్ల వయసులో కన్నది చివరి ఈత, అదీ మగపిల్లే. అంతకుముందు పుట్టిన ఆరూ మగవే. అన్నింటికీ సంతానం కలగకుండా నేనే విత్తులు తీశాను. దీన్ని కూడా తీయిస్తే ఆ వంశం అక్కడితో సరి. అందుకే దీన్ని విత్తనానికి ఉంచాలని ఫెస్టీ నిశ్చయించుకున్నాడు. పుట్టిన వారంలోనే దారం పట్టి, తలుపు వెనక నూట నలభై ఆరు అని రాశాడు. అందరూ దాన్ని చిన్నోడని పిలిచేవాళ్లు.

మరుసటి ఏడాది మార్చిలో ఒక ఆదివారం, ప్రార్థన ముగిశాక చర్చి గోడ దగ్గర మాటలు నడుస్తున్నాయి. పొరుగు రైతు మక్‌దారా కానీలీ నోరు ఖాళీగా ఉండదు.

"ఏం ఫెస్టీ, మీ చిన్నోడి కాళ్లు చూశావా? ఒక్కోటి కరెంటు స్తంభంలా లేస్తోంది."

"దారం పట్టి చూశాగా. నూట నలభై ఆరు."

"అవున్లే. నువ్వు నడిపిస్తే ఆ కొండైనా నూట నలభై ఆరుకే వస్తుంది."

అందరూ నవ్వారు. ఫెస్టీ నవ్వలేదు. "నడకకీ దానికీ ఏంటి సంబంధం?" అన్నాడు.

ఈసారి నవ్వు ఇంకా పెద్దదయింది. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను. అంత నిబ్బరంగా ఆ ప్రశ్న అడగగలిగిన మనిషి నటన ముందు ఎవరైనా నవ్వాల్సిందే అనుకున్నాను.

మక్‌దారా ఆయన భుజం తట్టాడు. "సరేనయ్యా, కోప్పడకు. వీడు కొలతలో నెగ్గితే నా మూడు ఆడగుర్రాల్నీ వీడి దగ్గరికే తోలుకొస్తా. కానీ వచ్చే పిల్లలు తాటిచెట్లలా ఎదగవని కాగితం చూపించు. ఇప్పుడు తోకవెంట్రుకలు ల్యాబుకి పంపితే ఎత్తు చెప్పేస్తున్నారట కదా!"

తాటిచెట్టు అనలేదు నిజానికి, ఓడ తెరచాప స్తంభం అన్నాడు. మీకు అర్థం కావాలని నేను మార్చాను.

సబీనా కూతురు ఎత్నా అక్కడే ఉంది. గాల్వేలో వ్యవసాయ విద్య చదువుతోంది. "చూపిస్తాం, దానికేం! మామయ్యా, రేపు నలభై వెంట్రుకలు లాగి ఇవ్వు. కుదుళ్లతో సహా రావాలి. ఈయన నోరు మూయిద్దాం" అంది.

ఫెస్టీ వెంటనే ఒప్పుకున్నాడు. తన దారం చెప్పింది నిజమని ఆయనకు ఎంత నమ్మకమంటే, పరీక్షకు భయపడాల్సిన కారణమే తోచలేదు.

మూడు వారాల తరువాత ఫలితం వచ్చింది. నన్ను టీకి పిలిచారు. సబీనా సోడా రొట్టె కోసి బల్ల మీద పెట్టింది. ఎత్నా ఫోన్ తెరిచి చదివి, దాన్ని బల్ల మీద బోర్లించింది.

"చెప్పవే, పిల్లి నీ నాలుక ఎత్తుకుపోయిందా?" అంది సబీనా.

"జన్యువుల్లో రెండు చోట్ల చూస్తారమ్మా. ఒక్కోచోట తండ్రి ఇచ్చిందొకటి, తల్లి ఇచ్చిందొకటి ఉంటుంది. వీడికి రెండు చోట్లా, రెండూ, పొడుగువే వచ్చాయి. పొట్టివి ఒక్కటీ లేదు."

"అంటే?" అన్నాడు ఫెస్టీ.

జవాబు నేను చెప్పాల్సి వచ్చింది. "ఆ పరీక్ష సెంటీమీటర్లు చెప్పదు ఫెస్టీ. మేత, రోగం, ఇంకా ఎన్నో చిన్నచిన్న కారణాలు కలిస్తే ఎత్తు. కానీ ఇలాంటి ఫలితం వచ్చిన పోనీల్లో ఎక్కువ భాగం గీత దాటుతాయి. పందెం కాయాలంటే నేను దాటుతుందనే కాస్తాను."

ఫెస్టీ రొట్టె ముక్క కింద పెట్టాడు. "తండ్రి నూట నలభై ఆరు. తల్లి నూట నలభై ఏడు. ఇద్దరికీ లేని ఎత్తు వీడికెక్కణ్నుంచి వస్తుంది? వెంట్రుకలు ఎక్కడో కలిసిపోయుంటాయి."

న్యాయమైన సందేహమే. రెండోసారి నేనే వెళ్లి చిన్నోడివీ, లీయావీ వెంట్రుకలు లాగి, వేరువేరు కవర్లలో పెట్టి, అంటించి, పైన నా పేరు రాసి పంపాను. ఏప్రిల్ చివరి వారంలో జవాబు వచ్చింది. చిన్నోడిది మళ్లీ అదే. లీయాది కూడా అదే. తండ్రికి ఒక్కోచోట పొడుగుది ఒక్కటున్నా చాలు, లెక్క సరిపోతుంది. లీయా మాత్రం నూట నలభై ఏడుకు ఆగడం వింత.

కొట్టంలో లీయా పక్కన నిలబడి ఎత్నా ఆ సంగతి చెప్పింది. మూడు రోజులుగా గాలివాన. లీయా ఆ మూడు రోజులూ కొట్టం దాటలేదు. ఫెస్టీ ఒక చేత్తో దాని మెడ నిమురుతూ విన్నాడు.

"కాగితం ఒకటి చెప్తోంది, వెంట్రుక ఇంకోటి చెప్తోంది. రెంట్లో ఒకటి తప్పు" అన్నాడు. తరువాత నావైపు చూసి, "కాగితం మీద మీ సంతకం ఉంది డాక్టరూ. అది తప్పయ్యే ప్రశ్నే లేదు" అన్నాడు.

నేను బూట్ల వైపు చూసుకున్నాను.

"కర్ర కార్లోనే ఉందా? అయితే ఇప్పుడే కొలిచేద్దాం. ఒక నాలుగు గంటలు ఆగండి, ఇసుక దాకా తిప్పి తీసుకొస్తాను" అంటూ తాడు అందుకున్నాడు.

ఎత్నా అడ్డంగా నిలబడింది. "వద్దు మామయ్యా. ఇలాగే కొలుద్దాం."

"నడిపించకుండానా? తప్పమ్మా. గుర్రం మనసు కుదుటపడొద్దూ? ముఖం కడుక్కోకుండా మనం చర్చికి పోతామా?"

"మామయ్యా..." ఆ పిల్ల ముఖంలో మొదట చిరాకు, తరువాత అనుమానం, ఆ తరువాత భయం కనిపించాయి. ఆయన కళ్లలోకి వెతికి చూసింది. "నువ్వు నిజంగానే అంటున్నావా?"

"దేని గురించి? డాక్టరూ, మీరైనా చెప్పండి దీనికి."

"ఇలాగే కొలుద్దాం ఫెస్టీ" అన్నాను.

కొట్టం నేల సిమెంటు. బుడగమట్టం పెట్టి నేల సమంగా ఉందని చూసుకున్నాను. లీయా నాలుగు కాళ్ల మీద నిండుగా నిలబడింది. కర్ర ఆనించి, అడ్డుపట్టీని మూపు మీదికి దించాను. పలక అలవాటు వల్ల మొదట కాస్త ఒదిగింది. ఎత్నా గడ్డి చూపించాక తిరిగి నిటారైంది. నూట యాభై ఒకటి.

మళ్లీ కొలవమన్నాడు. నూట యాభై ఒకటి. మూడోసారి కర్ర ఆయనే పట్టుకున్నాడు. నూట యాభైన్నర.

"కర్ర పాడైంది" అన్నాడు. కారులోంచి ఉక్కు టేపు తెచ్చి కర్ర పక్కన పెట్టి చూపించాను. కర్ర బాగానే ఉంది. ఆయన టేపు మీద గీతలను వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

"అయితే నా పద్ధతి ప్రకారం చేసి తీసుకొస్తాను. అప్పుడు చూడండి" అన్నాడు.

ఆపడానికి నాకు న్యాయమైన కారణం కనబడలేదు. ఒకే గుర్రం, ఒకే నేల, ఒకే కర్ర. మధ్యలో ఆయన పద్ధతి ఒక్కటే. ముప్ఫయ్యేళ్లలో ఎవరూ చేయని పరీక్ష అది. ఆయన నాలుగు గిట్టలూ శ్రద్ధగా అరగదీశాడు. కోటు మార్చుకుని వచ్చాడు. వాన తుంపర్లలో గుర్రాన్ని తీసుకుని వెళ్లాడు. మేం ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. ఎత్నా తల్లిని ఏదో అడగబోయింది; సబీనా లేచి పొయ్యిలో పీట్ ముక్కలు సర్దింది, అవసరం లేకపోయినా.

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాడు. ఆరబెట్టాడు, దువ్వాడు. అదే చోట నిలబెట్టాడు. నేను కర్ర దించాను.

నూట నలభై ఏడున్నర.

ఆయన ఆ అంకెను నా భుజం మీదుగా చూశాడు. మొదట ముఖం వెలిగింది. "చెప్పానా!" అన్నాడు. ఆ మాట సగంలో ఉండగానే ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. గుర్రాన్ని చూశాడు. కర్రను చూశాడు. గిట్టల కింద పడిన పొడిని, ఇసుక అంటిన తన బూట్లను చూశాడు. గుర్రం పొద్దుటిదే. ఆ తేడా తన రెండు చేతులు చేసినదేనని ఆయనకు అర్థం కావడం ముఖంలోనే నేను కళ్లారా చూశాను. రక్తం కారి జీవం తెల్లబడిపోవడం నా వృత్తిలో ఎన్నోసార్లు చూశాను గానీ, చుక్క కారకుండా మనిషి ఇలా తెల్లబడటం చూడలేదు.

"ఇది... కుంగింది" అన్నాడు. "నేను కుంగదీశాను."

గిట్టల పొడిని బూటుతో పక్కకు నెట్టాడు.

"నాన్న నేర్పాడు. మనసు కుదుటపడుతుందన్నాడు. గిట్టలు శుభ్రంగా ఉండాలన్నాడు. నాన్నకీ తెలియదన్నమాట."

సబీనా గుమ్మంలో నిలబడి ఉంది. అబద్ధం చెప్పి ఆ క్షణం దాటించవచ్చు. ఆమె అలా చేయలేదు.

"నాన్నకి తెలుసురా."

"ఏంటక్కా?"

"తెలుసు. నాకూ చెప్పాడు. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. 'వాడి మొహం అబద్ధం మొయ్యలేదే సబీనా, తెలిస్తే కర్ర ముందు తలొంచేస్తాడు, తెలియకపోతే వాణ్ని చూసి పోప్‌గారైనా నమ్ముతాడు' అన్నాడు. పోయేముందు కూడా అదే మాటన్నాడు. నేనేం చేసేదిరా? ముందు నాన్న మాటని ఊరుకున్నా. తర్వాత ఎలా చెప్పాలో తెలీలేదు."

ఫెస్టీ ఆమెను చూస్తూ ఉండిపోయాడు. కోపం కాదది. వంటింట్లో రోజూ చూసే మనిషిని ఎవరో మార్చేసి వెళ్లినట్టు చూశాడు. తరువాత నావైపు తిరిగాడు.

"మీకు?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు డాక్టరూ?"

"నీకు తెలుసనుకున్నాను."

"అంటే నేను తెలిసే మోసం చేస్తున్నాననుకున్నారు. అనుకుని, కింద సంతకం పెట్టారు."

నిబంధన ప్రకారం కర్ర చెప్పింది రాశానని అనవచ్చు, అది నిజమే. ఆ నిజం ఆ కొట్టంలో నిలబడి పైకి అనదగింది కాదు.

"చర్చి గోడ దగ్గర వాళ్లు నవ్వేది..." అని ఎత్నాను అడిగాడు. ఆ పిల్ల ఏడుస్తూ తల ఊపింది. "అందుకేనా! నా చెయ్యి చల్లనిదని కాదన్నమాట, నన్ను పిలిచేది."

దారం ఎందుకు అంత కచ్చితంగా కలిసిందో కూడా ఆయనే తేల్చుకున్నాడు. లీయా తాడు పట్టుకునే, నెమ్మదిగా, అక్షరాలు కూడబలుక్కునేవాడిలా చెప్పాడు. "దారం తక్కువ చెప్పేది. నేను కొలతను దానికి తగ్గట్టు తగ్గించేవాణ్ని. రెండూ కలిస్తే దారం గొప్పదనుకునేవాణ్ని. కలవని మూడూ ఎవరివో తెలుసా? నాకు జ్వరమొచ్చి నడిపించలేనివి. ఎక్కువ మేపారని వాళ్లని తిట్టాను కూడా." వంటింట్లోకి వెళ్లి తలుపు వెనక అంకెలన్నీ తడిగుడ్డతో తుడిచేశాడు. నేను ఆపబోయాను. దానికి శాస్త్రపరంగా ఇంకో విలువ ఉందని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

మర్నాటి నుంచి ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. తాను నడిపించిన పోనీలున్న ప్రతి ఇంటి ముందూ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఒకే మాట చెప్పాడు: మీ గుర్రం కాగితం మీదున్నంత పొట్టిది కాదు, అది నా వల్ల, నాకు తెలియక జరిగింది. ఎలా విన్నారో మక్‌దారా ఇంట్లో నేను స్వయంగా చూశాను. అతని ఆవుకు దూడ అడ్డం తిరిగితే వెళ్లాను, అప్పుడే ఫెస్టీ వచ్చాడు.

మక్‌దారా చివరిదాకా విని, నా వైపు కన్ను గీటి, "అబ్బ, అబ్బ! ఏం మనిషివయ్యా! వెంట్రుకల పరీక్ష ఊళ్లోకి రాగానే అందరికంటే ముందు చేతులు కడిగేసుకుంటున్నావే. మీ నాన్నని మించిపోయావు" అన్నాడు.

"నాకు తెలీదు మక్‌దారా. నిజంగా తెలీదు."

"తెలీదు, తెలీదు. నాక్కూడా తెలీదు. డాక్టరుకి అసలే తెలీదు. రా, ఒక కప్పు టీ తాగిపో."

ఇరవై రెండిళ్లలో ఒక్క ఇంటివాళ్లూ ఆయన్ని నమ్మలేదు. కొందరు కొత్త నాటకానికి మెచ్చి చేతులు కూడా కలిపారు. నేనూ నాకు వీలైన చోటల్లా చెప్పాను. అందులో నా వాటా ఉందనుకుని తల ఊపి వదిలేశారు. లీయా అసలు కొలతను జాతి పుస్తకం వాళ్లకు ఉత్తరం రాసి తెలియజేశాం. దాని మీద ఆయన సంతకం, నా సంతకం ఉన్నాయి. ఆ ఏడాది నుంచి నేను కొలకర్ర పట్టలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే చేతకాలేదు.

చిన్నోడి విషయంలో నేను తొందరపడొద్దన్నాను. పరీక్ష చెప్పేది అవకాశమే, తీర్పు కాదు. ఇంకో ఏడాది ఆగితే కాళ్లే చెబుతాయి. ఈ వంశంలో ఇక మిగిలింది ఇదొక్కటే కదా అన్నాను. ఆయన ఓపికగా విన్నాడు.

"ఏడాదికి వీడు మగతనంలోకి వస్తాడు. మక్‌దారా మూడింటినీ తోలుకొస్తాడు, నేను వద్దన్నా గోడ దూకిస్తాడు. ఆ పిల్లల్ని మళ్లీ ఎవడో ఒకడు తెల్లవారుజామున ఇసుకలో తిప్పుతాడు. నాకు తెలిసి కూడా ఊరుకుంటే, వాళ్లు నా గురించి అనుకునేదే నిజమవుతుంది. శుక్రవారం రండి డాక్టరూ."

శుక్రవారం ఆకాశం తేటగా ఉంది, ఈగలు ఇంకా రాలేదు. ఇంటి వెనక పచ్చికలో చిన్నోడికి మత్తు ఇచ్చాను. అది మోకాళ్ల మీద ఒరిగి పక్కకు పడింది. ఫెస్టీ దాని తల ఒడిలో పెట్టుకుని, కళ్ల మీద తువ్వాలు కప్పాడు. నేను పని మొదలుపెట్టాను. పావుగంట పట్టే పని. ఆయన ఒక్కసారి కూడా ఇటు చూడలేదు, ముఖం తిప్పుకోనూ లేదు.

నేను చేతులు కడుక్కుంటుండగా గోడ అవతలి నుంచి మక్‌దారా వచ్చాడు. దూడ బతికిందని నాకివ్వడానికి ఒక సీసా తెచ్చాడు. దూరం నుంచే అరుస్తున్నాడు. "ఏం ఫెస్టీ, వీణ్ని ఇప్పట్నుంచే పడుకోబెట్టి కొలుస్తున్నావా? అలాగైతే ఇంకా తక్కువొస్తుం..."

బక్కెట్లో ఉన్న విత్తులు కనిపించాయి. మాట అక్కడే తెగింది.

అతను బక్కెట్ నుంచి గుర్రం వైపు, గుర్రం నుంచి ఫెస్టీ వైపు చూశాడు. మోసగాడు ఇంటింటికీ తిరిగి క్షమాపణ చెప్పగలడు, ఉత్తరం మీద సంతకమూ పెట్టగలడు. కానీ తల్లి కాలం నాటి వంశాన్ని తన చేత్తో పట్టుకుని కోయించుకోడు. మా ఊళ్లో గుర్రాలు పెంచేవాడికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏదీ అక్కర్లేదు. మక్‌దారా ముఖంలోంచి నవ్వు మెల్లమెల్లగా దిగిపోయింది. ఇన్నేళ్లుగా చర్చి గోడ దగ్గర ఎవరిని చూసి నవ్వాడో అప్పుడే అతనికి తెలిసినట్టుంది.

"నీకు నిజంగానే తెలీదా ఫెస్టీ?" అన్నాడు.

"తెలీదు" అన్నాడు ఫెస్టీ.

చిన్నోడి చెవి ఆడింది. మత్తు దిగుతోంది. మక్‌దారా సీసా గడ్డిలో పెట్టేసి వచ్చి రెండోవైపు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అది లేచేటప్పుడు తూలి పడకుండా ఇద్దరూ చెరోపక్కా పట్టుకున్నారు.